90 సెకన్ల పరీక్ష భద్రాచలం అడవిలో పనికొస్తుందా?

ఫ్రెండ్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్యే మొదలవుతుంది, అంటే మన ఈడు వాళ్లకే. కాళ్లు తడబడితే అందరికీ కనపడుతుంది. ఆలోచన నెమ్మదిస్తే కనపడదు. పారిస్‌లో షార్కో 1868లోనే ఇది గమనించాడు. డాక్టర్లు మాత్రం చాలాకాలం కాళ్లే చూశారు.

1973లో అమెరికాలో ఆరన్ స్మిత్ పరీక్ష అచ్చయింది. ఒక్కో గుర్తుకు ఒక్కో అంకె. 90 సెకన్లలో ఎన్ని సరిగ్గా చెప్తారో లెక్క. కాగితం చాలు! భద్రాచలం దాటాక చర్ల, దుమ్ముగూడెం అడవి ఊళ్లకు ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కానీ బడి మానేసిన కోయ అమ్మాయిని కాలేజీ చదివినోళ్లతో పోలిస్తే, లేని జబ్బు అంటగట్టినట్టే. ఆమె స్కోరును ఆమె పాత స్కోరుతోనే పోల్చాలి. 4 మార్కులు తగ్గినా పట్టించుకోవాల్సిందే. జబ్బేంటో తేల్చడానికి మాత్రం ఎమ్మారై, నరాల డాక్టరు కావాలి.