యాదృచ్ఛిక సంఖ్యల ఫంక్షన్లు (సీ ప్రామాణిక లైబ్రరీ)

సీ భాషలో వ్రాసిన ప్రోగ్రాములకు యాదృచ్ఛిక సంఖ్యలను అందించడానికి, ఆపరేటింగ్ సిస్టముతోపాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీలో కొన్ని ఫంక్షన్లు ఉంటాయి. వీటిలో ర్యాండ్, ఎస్‌ర్యాండ్ అనేవి సీ ప్రమాణంలోనివి. ర్యాండమ్, డీర్యాండ్48, ఆర్క్4ర్యాండమ్ వంటివి యూనిక్స్ కుటుంబంలో తరువాత చేరినవి. వీటిలో చాలావరకు ఇచ్చే సంఖ్యలు నిజంగా యాదృచ్ఛికమైనవి కావు, ఒక లెక్క ప్రకారం వరుసగా పుట్టేవే. అందువలన వాటిని మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలు అంటారు. ఈ ఫంక్షన్ల కోడు కొద్ది పంక్తులకు మించకపోయినా, లైబ్రరీ నిర్వాహకులను దశాబ్దాలుగా చిక్కులలో పడవేస్తున్నది. పాత లెక్క బలహీనమైనదని తెలిసి దానిని మారిస్తే, ఆ వరుస మారదని నమ్మి వ్రాసిన ప్రోగ్రాములు దెబ్బతింటాయి. మార్చకుండా వదిలేస్తే, అవే సంఖ్యలను రహస్యాల కోసం వాడుకున్న ప్రోగ్రాములు దెబ్బతింటాయి.

పనిచేసే విధానం

ఈ ఫంక్షన్లలో పురాతనమైన పద్ధతి ఒక సంఖ్యను గుణించి, మరొక సంఖ్యను కలిపి, ఒక స్థిరసంఖ్యతో భాగించగా వచ్చే శేషాన్ని తీసుకోవడం. దీని మూలరూపాన్ని అమెరికా గణితవేత్త డి. హెచ్. లేమర్ 1949లో ప్రతిపాదించాడు. మొదట ఇచ్చే సంఖ్యను బీజం అంటారు. ప్రతి ఫలితమూ తరువాతి లెక్కకు ఆధారమవుతుంది.

చిన్న ఉదాహరణతో ఇది సులభంగా అర్థమవుతుంది. బీజం 1 అనుకొని, ప్రతిసారీ 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి శేషం తీసుకుంటే ఈ వరుస వస్తుంది: 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, 7, 6, 1. 0 నుండి 15 వరకు అన్ని సంఖ్యలూ ఒక్కొక్కసారి వచ్చి, వరుస మళ్ళీ మొదటికి చేరుతుంది. పైకి చూస్తే సంఖ్యలు కలగలిసినట్లే ఉన్నాయి. కానీ సరి, బేసి, సరి, బేసి అన్న క్రమం ఒక్కచోట కూడా తప్పలేదు. ఈ వరుసతో నాణెం ఎగురవేసే ఆటను తయారుచేసి, సరిసంఖ్య వస్తే బొమ్మ, బేసిసంఖ్య వస్తే బొరుసు అనుకుంటే, బొమ్మ, బొరుసు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయి. భాజకం 2 యొక్క ఘాతమైనప్పుడు, సంఖ్యలు ఎంత పెద్దవైనా చివరి బిట్లలో ఈ లోపం పోదు.

సీ ప్రమాణంలో ర్యాండ్ ఫంక్షనుకు ఒక నమూనా ఇచ్చారు. అందులో గుణకం 1103515245, కలిపే సంఖ్య 12345. ఆ నమూనా కింది 16 బిట్లను పారవేసి, పైనున్న 15 బిట్లనే ఫలితంగా ఇస్తుంది. అయితే కొన్ని పాత యూనిక్స్ లైబ్రరీలు కింది బిట్లను కూడా యథాతథంగా ఇచ్చేవి. ర్యాండ్ ఇచ్చిన సంఖ్యను 2తో భాగించి శేషం తీసుకోరాదని పాత పాఠ్యపుస్తకాలు చెప్పడానికి కారణం ఇదే.

గుణకం ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం ఇంకా పెద్దది. 1960వ దశకంలో ఐబీఎం యంత్రాలపై విస్తారంగా వాడిన ర్యాండు అనే ఉపప్రోగ్రాములో గుణకం 65539. దానిలో ఏ సంఖ్య అయినా తన ముందు సంఖ్యకు 6 రెట్లలో నుండి, అంతకు ముందు సంఖ్యకు 9 రెట్లు తీసివేయగా వచ్చే శేషమే. మూడేసి సంఖ్యలను త్రిపరిమాణ బిందువులుగా గుర్తిస్తే అవన్నీ కేవలం 15 తలాలపై పడతాయి. ఈ తరహా వరుసలన్నింటిలోనూ బిందువులు ఇలా తలాలపై చేరతాయని జార్జ్ మార్సాగ్లియా 1968లో చూపాడు. ఆ ఉపప్రోగ్రాము ఆధారంగా అప్పటికే ఎన్నో శాస్త్రీయ గణనలు జరిగిపోయాయి.

మెరుగైన ఫంక్షన్లు

1983లో వెలువడిన 4.2బీఎస్‌డీలో ర్యాండమ్ అనే కొత్త ఫంక్షను చేరింది. ఇది ఒక్క సంఖ్యకు బదులు 31 సంఖ్యల పట్టికను ఉంచుకొని, వాటిలో రెండింటిని కూడుతూ ముందుకు పోతుంది. వరుస పునరావృతం కావడానికి సుమారు 3,436 కోట్ల సంఖ్యలు పడుతుంది. బీజం ఇచ్చిన వెంటనే వచ్చే సంఖ్యలు బాగుండవు కనుక మొదటి 310 ఫలితాలను లోలోపలే పారవేస్తుంది. ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ 5 యూనిక్స్‌లో 48 బిట్ల లెక్కతో డీర్యాండ్48 కుటుంబం వచ్చింది.

ఇక్కడ గమనించవలసినది, నిర్వాహకులు ర్యాండ్‌ను బాగుచేయలేదు. దానిని అలాగే ఉంచి, పక్కన వేరే పేరుతో మంచిదానిని పెట్టారు. పాత ప్రోగ్రాములకు ఇబ్బంది లేకపోవడం దీనివల్ల మేలు. కొత్తగా నేర్చుకొనేవారు పుస్తకంలో మొదట కనిపించే ర్యాండ్‌నే వాడుతూ పోవడం కీడు.

పునరావృతం అనే హామీ

ఒకే బీజం ఇస్తే ఒకే వరుస రావాలని సీ ప్రమాణం స్పష్టంగా నిర్దేశిస్తుంది. అయితే ఆ వరుస ఏదో చెప్పదు. అందువలన బీజం ఇవ్వకుండా ర్యాండ్‌ను మొదటిసారి పిలిస్తే, గ్నూ లైబ్రరీ గల లినక్స్‌లో 1804289383, మైక్రోసాఫ్ట్ వారి లైబ్రరీలో 41, మ్యాక్ యంత్రాలలో 16807 వస్తాయి. సీ నేర్చుకొనే విద్యార్థులు ఎన్నిసార్లు నడిపినా అదే సంఖ్య రావడం చూసి ఆశ్చర్యపోతుంటారు. అది లోపం కాదు, ప్రమాణం కోరినదే.

ఈ హామీ వృథా కాదు. ఒక సిమ్యులేషనులో అనుమానాస్పదమైన ఫలితం వస్తే, అదే బీజంతో మళ్ళీ నడిపి తప్పు ఎక్కడుందో వెదకవచ్చు. పరీక్షా ప్రోగ్రాములు, ప్రచురించిన పరిశోధనా ఫలితాలను సరిచూడడం, ఆటలలో ఒకే పటాన్ని మళ్ళీ సృష్టించడం, అన్నీ దీనిపై ఆధారపడినవే. లైబ్రరీ కొత్త సంచికలో లెక్క మారితే ప్రోగ్రాము ఆగిపోదు, ఏ హెచ్చరికా రాదు. ఫలితాలు మాత్రం మౌనంగా మారిపోతాయి.

మరికొన్ని భాషలు ఈ విషయాన్ని వ్రాతపూర్వకంగానే తేల్చివేశాయి. జావా తన ర్యాండమ్ తరగతి ఏ లెక్కను వాడాలో నిర్దేశించి, అన్ని అమలులూ దానినే పాటించాలన్నది. 2011 నాటి సీ++ ప్రమాణం మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతిని చేర్చి, బీజం మార్చకపోతే 10,000వ సంఖ్య 4123659995 కావాలని శాసించింది. సీ భాషలో అటువంటి నిర్దేశం లేనందున, ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు అన్న భారం నిర్వాహకులపైనే పడింది.

భద్రతా సమస్య

రహస్య సంకేతాలకు కావలసింది పూర్తిగా విరుద్ధమైన గుణం. తరువాతి సంఖ్యను ఎవరూ ఊహించలేకపోవాలి. ర్యాండ్ ఇటువంటి పనికి ఏనాడూ ఉద్దేశించబడలేదు. అయినా సంకేతపదాలు, తాత్కాలిక ఫైళ్ళ పేర్లు, వెబ్ సైట్ల లాగిన్ గుర్తులు వంటివి తయారుచేయడానికి దానిని వాడిన ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలి. వీటిలో చాలావరకు గడియారంలోని సమయాన్ని సెకన్లలో బీజంగా ఇస్తాయి. ఒక రోజులో ఉన్నవి 86,400 సెకన్లే. కనుక ఏ రోజున నడిచిందో తెలిసినవాడు అన్ని బీజాలనూ క్షణాలలో ప్రయత్నించి చూడగలడు.

1995లో ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ నెట్‌స్కేప్ బ్రౌజరులో ఈ దోషాన్నే కనుగొన్నారు. రహస్య తాళపుచెవిని తయారుచేసే బీజం, సమయం నుండి, ప్రాసెస్ సంఖ్యల నుండి వచ్చేది. సంకేతలిపి ఎంత బలమైనదైనా, బీజాన్ని ఊహించగలిగితే అది నిరర్థకమే.

ఓపెన్‌బీఎస్‌డీ నిర్ణయం

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టము 1997లో వెలువడిన 2.1 సంచికలో ఆర్క్4ర్యాండమ్ ఫంక్షనును ప్రవేశపెట్టింది. దీనికి బీజం ఇవ్వనవసరం లేదు. కెర్నెల్ సేకరించిన యాదృచ్ఛికతను తానే తీసుకొని, సంకేతలిపి ద్వారా సంఖ్యలను పుట్టిస్తుంది. మొదట వాడిన సంకేతలిపి ఆర్‌సీ4. దాని బలహీనతలు బయటపడ్డాక, 2014 మే నెలలో వచ్చిన 5.5 సంచికలో దాని స్థానంలో డేనియల్ బెర్న్‌స్టైన్ రూపొందించిన చాచా20 వచ్చింది. వరుస ఫలానా విధంగా ఉండాలని ఎవరికీ హామీ ఇవ్వనందువలన, లోపలి యంత్రాంగమంతా మార్చినా ఒక్క ప్రోగ్రామును కూడా తిరిగి వ్రాయవలసిన అవసరం రాలేదు. పేరులోని ఆర్క్4 మాత్రం పాత సంకేతలిపికి గుర్తుగా మిగిలిపోయింది.

2015లో వచ్చిన 5.7 సంచికలో వారు మరింత సాహసం చేశారు. ర్యాండ్, ర్యాండమ్, డీర్యాండ్48 ఫంక్షన్లు బీజాన్ని పట్టించుకోకుండా, ఊహించలేని సంఖ్యలనే ఇచ్చేటట్లు మార్చారు. ఇది సీ ప్రమాణాన్ని తెలిసి అతిక్రమించడమే. అయితే వారి వాదనలో బలం ఉంది. సమయాన్ని బీజంగా ఇచ్చే ప్రోగ్రాము నిజానికి పునరావృతాన్ని కోరడం లేదు, ప్రతిసారీ వేరే వరుసనే కోరుతున్నది. నిజంగా పునరావృతం కావలసినవారి కోసం ఎస్‌ర్యాండ్_డిటర్మినిస్టిక్ వంటి వేరే ఫంక్షన్లను చేర్చారు. ఫలితంగా, పాత వరుస కావలసినవారే తమ ప్రోగ్రామును దిద్దుకోవలసి వచ్చింది. సిమ్యులేషన్లు నడిపేవారికి ఇది అన్యాయంగా తోచవచ్చు. కానీ వారు తమ ఫలితం మారిందని గమనించగలరు. బలహీనమైన సంకేతపదం పొందిన వాడుకరికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇతర సిస్టములు ఇంత దూరం పోలేదు. ఫ్రీబీఎస్‌డీ చాలాకాలం ర్యాండ్‌లో 16807 గుణకంగా గల పార్క్-మిల్లర్ లెక్కను వాడి, 2021లో వచ్చిన 13.0 సంచికలో దానిని ర్యాండమ్ పద్ధతికి మార్చింది. ర్యాండ్_ఆర్ మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయింది. ప్రోగ్రాము దానికి అప్పగించేది ఒక్క పూర్ణాంకం పట్టే చోటు మాత్రమే కనుక, అందులో 31 సంఖ్యల పట్టిక పట్టదు. గ్నూ లైబ్రరీ ర్యాండ్‌ను కదపలేదు. 2022 ఆగస్టులో వచ్చిన 2.36 సంచికలో ఆర్క్4ర్యాండమ్‌ను చేర్చింది. మొదట చాచా20ను లైబ్రరీలోనే అమర్చినా, ఆ పని కెర్నెలే బాగా చేయగలదన్న అభ్యంతరం రావడంతో, విడుదలకు ముందే నేరుగా కెర్నెల్‌ను అడిగే విధంగా మార్చారు. దీనివల్ల వేగం తగ్గింది. ఆ లోటును తీర్చడానికి లినక్స్ 6.11లో (2024) కెర్నెల్‌లోకి పోకుండానే సంఖ్యలు పొందే ఏర్పాటు వచ్చింది.

నిర్వహణలో చిక్కులు

కొన్ని దోషాలు లెక్కలో కాక, దాని చుట్టూ ఉన్న కోడులో దాగి ఉంటాయి. పార్క్-మిల్లర్ లెక్కలో కలిపే సంఖ్య లేదు. కనుక బీజం 0 అయితే ఎన్నిసార్లు గుణించినా 0 మాత్రమే వస్తుంది. వాడుకరి 0 ఇవ్వకుండా ఆపలేరు కనుక, లైబ్రరీయే దానిని వేరే సంఖ్యగా మార్చుకోవాలి.

ఒక ప్రాసెస్ తన నకలును సృష్టించినప్పుడు స్థితిపట్టిక కూడా నకలవుతుంది. అప్పుడు తల్లి, పిల్ల ప్రాసెస్‌లు రెండూ ఒకే "రహస్య" సంఖ్యలను పొందుతాయి. ప్రాసెస్ సంఖ్య మారిందా అని చూసి దీనిని గుర్తించడం పాత ఉపాయం. 2014 జులైలో లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ యొక్క లినక్స్ రూపంలో ఈ ఉపాయం విఫలమైంది. తల్లి ప్రాసెస్ ముగిసిపోయాక, దాని మనుమరాలు వంటి ప్రాసెస్‌కు కాకతాళీయంగా అదే సంఖ్య రావచ్చు. కొద్దిరోజులలోనే 2.0.2 సంచికలో దీనిని సరిచేశారు. నకలు తీసేటప్పుడు ఆ పట్టిక ఉన్న మెమరీని కెర్నెలే సున్నాలతో నింపడం ఇంతకంటే నమ్మదగిన పరిష్కారం. లినక్స్‌లో ఇది 2017లో 4.14 సంచికతో వచ్చింది.

ఫంక్షను సరిగా ఉన్నా వాడకంలో తప్పు జరగవచ్చు. 0 నుండి 32,767 వరకు సంఖ్యలిచ్చే ర్యాండ్ ఫలితాన్ని 10,000తో భాగించి శేషం తీసుకుంటే, 0 నుండి 2,767 వరకు గల శేషాలు నాలుగేసి విధాలుగానూ, మిగిలినవి మూడేసి విధాలుగానూ వస్తాయి. అంటే చిన్నసంఖ్యలు మూడోవంతు ఎక్కువగా వస్తాయి. లాటరీ వంటివాటిలో ఇది చిన్న తేడా కాదు. ఈ పక్షపాతాన్ని తొలగించడానికే ఆర్క్4ర్యాండమ్_యూనిఫామ్ ఉన్నది. మిగులు భాగంలో పడిన సంఖ్యను అది పారవేసి, మరొకటి తీసుకుంటుంది.

నిర్వాహకుల చేతిలో జరిగిన అతిపెద్ద ప్రమాదం సీ లైబ్రరీలో కాక ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో జరిగినా, ఇక్కడ చెప్పుకోదగినది. 2006లో డెబియన్ సంచికలో, తనిఖీ సాధనం ఇచ్చిన హెచ్చరికలను తొలగించడానికి రెండు పంక్తులను తీసివేశారు. యాదృచ్ఛికతను కలిపే పని ఆ పంక్తులలోనే జరిగేది. తరువాత బీజంగా మిగిలినది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే, అనగా సుమారు 32,768 అవకాశాలు. ప్రోగ్రాములు యథావిధిగా నడిచాయి, తాళపుచెవులు చూడడానికి సక్రమంగానే ఉన్నాయి. 2008 మే 13న ఈ విషయం ప్రకటించేసరికి దాదాపు 20 నెలలు గడిచాయి. ఆ కాలంలో డెబియన్, ఉబుంటు యంత్రాలపై తయారైన తాళపుచెవులను రద్దుచేసి కొత్తవి చేసుకోవలసి వచ్చింది.