నలభై రెండు కొండలు.. ఇరవై నాలుగు గంటలు

1932 జూన్ నెల. ఇంగ్లండ్‌ వాయవ్య మూలన, లేక్ డిస్ట్రిక్ట్ కొండల నడుమ కెస్విక్ అని ఒక చిన్న ఊరు. అక్కడ అతిథిగృహం నడుపుకునే బాబ్ గ్రాహం కాళ్లకు టెన్నిస్ బూట్లు, మోకాళ్ల దాకా నిక్కరు, ఒంటిమీద పైజామా చొక్కా తగిలించుకుని బయలుదేరాడు. మందు ముట్టడు, మాంసం తినడు. దారిబత్తెం కింద రొట్టె, వెన్న, ఉడికించిన గుడ్డు, పళ్లు, కాసిని మిఠాయిలు. తోడుగా నలుగురు మిత్రులు వంతులవారీగా వెంట నడిచారు. తిరిగి కెస్విక్ చేరేసరికి 23 గంటల 39 నిమిషాలు గడిచాయి. ఈలోగా ఆయన ఎక్కి దిగిన శిఖరాలు 42.

దూరం సుమారు 106 కిలోమీటర్లు. అది పెద్ద విషయం కాదు, ఎక్కుడుంది చూడండి, అదీ విషయం. అన్ని కొండలూ కలిపితే 8,200 మీటర్లు. అలిపిరి మెట్లదారి ఎరిగినవాళ్లు లెక్క వేసుకోవచ్చు: కింద నుంచి తిరుమలకు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి.. ఒక పగలూ ఒక రాత్రిలో దాదాపు పన్నెండుసార్లు. అక్కడ మెట్లు లేవు, నెత్తిన కప్పు లేదు, చాలాచోట్ల బాటే లేదు. తడిగడ్డి, బురదమడుగులు, అడుగేస్తే కాలికింద నుంచి జారిపోయే రాళ్లగుట్టలు. ఎక్కేటప్పుడు ఎవరూ పరుగెత్తరు. రెండు చేతులూ తొడల మీద ఆనించి, నడుం వంచి, బుస కొడుతూ నడవడమే. చదునులోనూ దిగుడులోనూ మాత్రం పరుగు.

గ్రాహం ఇందుకు సిద్ధమైన తీరు ఇప్పటికీ ఆ ఊళ్లో కథగా చెప్పుకుంటారు. ముందుగానే ఒక్కొక్క కొండా తిరిగి దారి కంఠతా పట్టాడు, అదీ వట్టి కాళ్లతో. బూట్లు అరిగిపోతాయని! ఈ రోజుల్లో కొండపరుగుకు నెలజీతమంత ఖరీదు పెట్టి బూట్లు కొనేవాళ్లు ఆ పైజామా చొక్కాను ఒకసారి తలుచుకుంటే మంచిది.

అసలు కొండల మీద పరుగు ఆ ప్రాంతానికి పట్టుబడటానికి కారణం గొర్రెలు. హెర్డ్‌విక్ అని బూడిదరంగు ఉన్ని, తెల్లటి మొహం ఉన్న మొండిజాతి. వీటిని పై కొండల మీద కంచె లేకుండా వదిలేస్తారు. తన మంద మేసే హద్దు ఎక్కడిదాకానో గొర్రెపిల్ల తల్లి వెంట తిరిగే నేర్చుకుంటుంది, పెద్దయ్యాక దాని పిల్లకు నేర్పుతుంది. ఉన్ని కత్తిరించేటప్పుడు, ఈతల కాలంలో వాటిని కిందికి తోలుకురావాలి. కుక్కను వెంటేసుకుని కాపరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఉరకవలసిందే. అలా గట్టిపడిన కాళ్లకు సంతల్లో పందేలు పెట్టారు. 1868లో గ్రాస్‌మియర్ ఊరి ఆటల్లో మొదలైన కొండగైడ్ల పరుగుపందెం ఇప్పటికీ ఉంది. ఊరి మైదానంలోంచి ఎదురుగా ఉన్న కొండ మీదికి, అక్కడి నుంచి మళ్లీ మైదానంలోకి. గెలిచినవాడికి నగదు.

ఇంకోవైపు చదువుకున్న దొరలు ఉన్నారు. వీళ్లకు డబ్బు అక్కర్లేదు, పందెం కూడా అక్కర్లేదు, గడియారం ఒక్కటి చాలు. 1864లో కేంబ్రిడ్జ్‌కి చెందిన ఎలియట్ అనే మతగురువు వాస్‌డేల్ లోయ చుట్టూ ఉన్న తొమ్మిది శిఖరాలను ఎనిమిదిన్నర గంటల్లో చుట్టివచ్చాడు. అప్పటినుంచి ఒక్క రోజులో ఎన్ని కొండలు అన్నది పోటీగా మారింది. 1905లో ఆర్థర్ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 22 గంటల ఏడు నిమిషాల చుట్టుతో ఆ లెక్కను చాలా పైకి తీసుకెళ్లాడు. 1922లో ఎవరెస్ట్‌కు వెళ్లిన బ్రిటిష్ బృందంలో ఉన్న వేక్‌ఫీల్డ్ ఈయనే.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం దీని తర్వాతిది. 1920లో వేక్‌ఫీల్డ్ రికార్డు మీద కన్నేసి యూస్టస్ థామస్ వచ్చాడు. మాంచెస్టర్ ఇంజినీరు, అప్పటికే యాభై దాటిన మనిషి. ఆయన పక్కన నడిచి తోడ్పడ్డవాళ్లలో సాక్షాత్తూ వేక్‌ఫీల్డ్ ఉన్నాడు! తన పేరు చెరిపేయడానికి వచ్చినవాడికి తానే దారి చూపాడు. థామస్ ఆ రికార్డును దాటాడు. కొండల్లో గాయపడినవాళ్లను మోసుకొచ్చే థామస్ స్ట్రెచర్‌ను రూపొందించిందీ ఈ ఇంజినీరే. వేక్‌ఫీల్డ్ పెట్టిన ఆ ఆనవాయితీ అక్కడితో ఆగలేదు, ఈ ఆటకు అదే రాజ్యాంగం అయింది.

గ్రాహం చుట్టిన దారిలో బ్రాడ్ స్టాండ్ అనే ఒక చోటు ఉంది. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. దాని పక్కనే స్కాఫెల్. పటంలో చూస్తే రెంటికీ మధ్య బెత్తెడు దూరం. కానీ అడ్డంగా రాతిగోడ. ముందు ఒళ్లు పక్కకు తిప్పి ఒక ఇరుకు సందులో దూరాలి. ఆ తర్వాత అరల్లా పేర్చినట్టున్న రాళ్లు, ఒక్కొక్కటీ మనిషి ఎత్తు. తడిస్తే నున్నగా సబ్బులా జారతాయి. పరుగు ఇక్కడ ఆగి, బండలెక్కడం మొదలవుతుంది. చాలామంది తాడు కట్టుకుంటారు, లేదా చుట్టు తిరిగి వెళ్తారు. 1802 ఆగస్టులో కవి కోల్‌రిడ్జ్ ఇదే చోట, కింద ఏముందో చూసుకోకుండా, ఒక్కో అర అంచు పట్టుకుని వేలాడి కిందికి జారుకుంటూ దిగాడు. సగం దిగాక పైకి పోలేడు, కిందికి చూస్తే భయం. వణుకుతున్న కాళ్లతో వెల్లకిలా పడుకుని కాసేపు ఆకాశం చూశాడు. సరదాకు బండలెక్కినవాళ్లు రాసిపెట్టిన తొలి అనుభవాల్లో ఆయన ఉత్తరం ఒకటి. ఈ కాలం పిల్లలైతే చేతులకు సుద్దపొడి, కింద పరుపు లేకుండా ఆ పని చేయరు.

గ్రాహం తర్వాత 28 ఏళ్లు ఎవరూ ఆ 42 కొండల జోలికి పోలేదు. అసలు అంత వేగం సాధ్యమేనా అని అనుమానించినవాళ్లూ ఉన్నారు. 1960లో హ్యారీ గ్రిఫిన్ అనే పత్రికా రచయిత ప్రోత్సాహంతో అలన్ హీటన్ ప్రయత్నించి 22 గంటల 18 నిమిషాల్లో ముగించాడు. 1966లో గ్రాహం చనిపోయాడు. 1971లో ఫ్రెడ్ రోజర్సన్ ఆయన పేరిట క్లబ్ పెట్టాడు. సభ్యత్వానికి అర్హత ఒక్కటే: 24 గంటల్లో చుట్టి రావడం. ప్రతి శిఖరం మీదా సాక్షి ఉండాలి. బహుమతి సొమ్ము లేదు, ప్రేక్షకులు లేరు, తేదీ కూడా లేదు. మీకు నచ్చిన రోజు, మీకు దొరికిన తోడు. మూట్ హాల్ అనే పాత ఊరి కచేరీ దగ్గర మొదలుపెట్టి, చివర్లో మళ్లీ ఆ తలుపు తాకితే అయిపోయినట్టు. 1977లో జీన్ డాస్ 23 గంటల 37 నిమిషాల్లో చుట్టి మొదటి మహిళ అయింది. గ్రాహం కంటే రెండు నిమిషాలు ముందు! ఇప్పటికి సభ్యులు రెండువేలు దాటారు.

కాపరుల పాయ, దొరల పాయ కలిసిన మనిషి జాస్ నేలర్. 1936లో వాస్‌డేల్‌లో పుట్టాడు, జీవితాంతం గొర్రెల కాపరి. చిన్నప్పుడే వెన్ను దెబ్బతింది, ఆపరేషన్లు జరిగాయి, బరువుపని చేయొద్దన్నారు. 1960లో తన లోయలోకి పరుగుపందెం వస్తే పనిబూట్లతో, కత్తిరించిన ప్యాంటుతో దిగిపోయాడు. 1975లో ఎండ మండిపోతున్న రోజున 23 గంటల 20 నిమిషాల్లో 72 శిఖరాలు ఎక్కాడు. ఆ లెక్క పదమూడేళ్లు నిలిచింది. 1986లో, వెయిన్‌రైట్ అనే రచయిత తన గైడు పుస్తకాల్లో వర్ణించిన 214 కొండల్నీ ఏడు రోజుల గంటా 25 నిమిషాల్లో పూర్తిచేశాడు. అప్పటికి యాభై. గొంతు వాచి ముద్ద దిగలేదు, బూటు రాసుకుని మడమ దగ్గర చర్మం లేచిపోయింది. ఆ రికార్డు పోవడానికి 28 ఏళ్లు పట్టింది. డెబ్బయ్యో ఏట కూడా ఒక్క రోజులో డెబ్బై శిఖరాలు ఎక్కాడు. ఇంత చేసినవాడు మధ్యలో మంద మేపడం మానలేదు.

మరోపక్క గ్రాహం చుట్టు వేగం పెరుగుతూ పోయింది. 1982లో బారోడేల్ రాతిపనివాడు బిల్లీ బ్లాండ్ 13 గంటల 53 నిమిషాల్లో ముగించాడు. 36 ఏళ్లు ఎవరికీ అందలేదు. 2018 జులై 8న స్పెయిన్‌కు చెందిన కీలియన్ జోర్నెట్ 12 గంటల 52 నిమిషాల్లో వచ్చి మూట్ హాల్ తలుపు తాకాడు. అక్కడ ఆయనతో చేయి కలిపినవాళ్లలో బిల్లీ బ్లాండ్ ఉన్నాడు. ఆ పూటే ఆయన రికార్డు పోయింది మరి! ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న ఫొటో కొండపరుగు ప్రపంచమంతా తిరిగింది. 2022లో అమెరికన్ జాక్ కుంజెల్ దాన్నీ 12 గంటల 23 నిమిషాలకు దించాడు.

నేలర్ 1990లో తన పేరిట ఒక దారి వేశాడు. పూలీ బ్రిడ్జ్ నుంచి తన ఇంటికి దగ్గర్లోని గ్రీన్‌డేల్ వంతెన దాకా 30 శిఖరాలు, 77 కిలోమీటర్లు. యాభై నిండనివారికి ప్రవేశం లేదు. యాభైల్లో మొదటి అయిదేళ్లవారికి 12 గంటలు, 65 దాటినవారికి పూర్తిగా 24 గంటలు గడువు. 2024 జూన్‌లో చనిపోయేదాకా, ఓపిక ఉన్నంతవరకు, వచ్చినవాళ్లకు చేయివ్వడానికి వంతెన దగ్గర ఆయనే నిలబడేవాడు.