ప్రేమ్ బజార్ గేటు దాటిన దగ్గు

2022 జనవరి మొదటి వారం. ప్రేమ్ బజార్‌లో చలి కొరికేస్తోంది. గేటుకి ఇవతల బజారు, మట్టి ముంతల్లో పొగలు కక్కే టీ. అవతల ఐఐటీ ఖరగ్‌పూర్. దాదాపు రెండేళ్లు బోసిపోయిన హాస్టళ్లలో మళ్లీ సైకిల్ బెల్లులు మోగుతున్నాయి. ఒక గదిలో ఎవరో దగ్గారు.

కాసేపటికి పక్క గదిలో కూడా.

డిసెంబర్ నుంచే పిల్లలు తిరిగొస్తున్నారు. కోరమాండల్, ఫలక్‌నుమా రైళ్లు దిగి వచ్చిన మన తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. మనవాళ్లకి ఖరగ్‌పూర్ కొత్త ఊరేం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికొచ్చి, రైల్వే క్వార్టర్లలో తరాలుగా స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఇక్కడ బోలెడు. కానీ ఇంటికి దూరంగా ఉన్న పిల్లాడి గొంతు బొంగురుపోతే, అమ్మ చెవికి అవేం పట్టవు.

"ఏరా, గొంతు అలా ఉందేంటి?"

"ఏం లేదమ్మా, చలి."

"టెస్ట్ చేయించుకున్నావా?"

ఆ రాత్రుల్లో ఎన్ని గదుల్లో ఈ మాటలే నడిచాయో! అవతలి నుంచి జవాబు మాత్రం వెంటనే రాదు.

రెండేళ్లు వెనక్కి వెళ్దాం. 2020. హాస్టళ్లకి తాళాలు. దేశమంతా కోవిడ్‌ని పట్టే ఆర్టీపీసీఆర్ టెస్ట్ కోసం పడిగాపులు. ఆ టెస్ట్ చేసే మెషీన్ ఖరీదు లక్షల్లో ఉంటుంది, దాన్ని నడపడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, ముక్కులోంచి తీసిన శాంపిల్ ఐస్ డబ్బాలో ఎక్కడో ఉన్న ల్యాబ్‌కి చేరి, అక్కడ వరసలో తన వంతు కోసం ఆగి, రిపోర్ట్ తిరిగొచ్చేలోపు, ఆ శాంపిల్ ఇచ్చిన మనిషి నలుగురితో కలిసి తిని, పది మందితో మాట్లాడి, జబ్బు అంటించాల్సిన వాళ్లందరికీ అంటించేసి ఉంటాడు. రోగం కంటే రిపోర్టే నెమ్మది. దాని వేగం పెంచేదెవరు?

ఇదే క్యాంపస్‌లో ఇద్దరు ప్రొఫెసర్లు ఆ పని నెత్తికెత్తుకున్నారు. సుమన్ చక్రవర్తి మెకానికల్ ఇంజినీరు. అరిందమ్ మండల్ వైరస్‌ల మనిషి. వాళ్ల బృందం తయారుచేసింది ఒక పెట్టె, చేత్తో మోసుకెళ్లేంతది. పేరు కోవిరాప్. శాంపిల్‌ని పెట్టెలో వేడి చేస్తారు. తర్వాత కాగితపు స్ట్రిప్ మీద పడే గీతల్ని ఫోన్ యాప్ చదువుతుంది. గంటలో తేలిపోతుంది. టెస్టుకి 500 రూపాయల దాకా, పెట్టెకి 10,000 లోపు. 2020 అక్టోబర్ 21న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దీనికి ఆమోదం ఇచ్చిన సంగతి బయటికొచ్చింది. 2021 ఏప్రిల్‌కి లైసెన్సు కంపెనీల చేతికి వెళ్లింది, సమయం ముప్పావు గంటకి దిగింది.

ఈలోపు వైరస్ కూడా తీరిగ్గా కూర్చోలేదు. దాని కొత్త రూపం ఒమిక్రాన్ వచ్చింది.

2022 జనవరి 3. బెంగాల్ అంతటా బడులు, కాలేజీలు మూతపడ్డాయి. మరి అప్పటికే హాస్టల్లో దిగిపోయిన వాళ్ల మాటేంటి? ఒకే మెస్, ఒకే వరండా, బాత్రూముల ముందు ఒకే క్యూ. కిటికీ తీస్తే ఎముకలు కొరికే చలి, మూస్తే నలుగురు వదిలిన గాలే మళ్లీ నలుగురికి. బెంగాల్ జనవరిలో కిటికీ తీసి పడుకోమని ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకి చెప్పి చూడండి!

జనవరి 5, బుధవారం. లెక్క బయటికొచ్చింది. క్యాంపస్‌లో 60 మందికి పాజిటివ్. అందులో 40 మంది విద్యార్థులు, పరిశోధకులే. చాలామందికి లక్షణాలు స్వల్పం. కొందరికి అసలు లేనే లేవు. చిక్కల్లా ఆ రెండో రకంతోనే. జ్వరం లేనివాడు మెస్‌కి వస్తాడు, నవ్వుతాడు, పక్కన కూర్చుంటాడు. అతన్ని పట్టించేది టెస్ట్ ఒక్కటే.

పాజిటివ్ వచ్చిన వాళ్లని ఐసొలేషన్‌లో పెట్టారు. తలుపు అవతల వాళ్లు, ఇవతల ఇంకా తేలని వాళ్లు.

ఫిబ్రవరి 3న రాష్ట్రంలో కాలేజీలు, యూనివర్సిటీలు మళ్లీ తెరుచుకున్నాయి.

2025 జూన్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్‌కి కొత్త డైరెక్టర్ వచ్చారు. ఆ పెట్టె తయారుచేసిన సుమన్ చక్రవర్తే.