తెలుగు మాంత్రిక కల్పన: గురువు, శిష్యుడు, ఆడపిల్ల

మాంత్రికుడు, అతన్ని ఎదిరించే సాహసి, చెరలో చిక్కిన యువతి. తెలుగు మాంత్రిక కథ చాలాకాలం ఈ ముగ్గురి చుట్టూనే తిరిగింది. వసతి పాఠశాలలో మంత్రవిద్య నేర్చే ఆడపిల్లల కథ ఇంగ్లిష్‌లో 1974లో జిల్ మర్ఫీ రాసిన ‘ద వరస్ట్ విచ్’తో పేరు తెచ్చుకుంది. తెలుగులో దాని ఛాయలు వెతకాలంటే జానపద కథల నుంచే మొదలుపెట్టాలి.

బాలనాగమ్మ కథ బుర్రకథగా ఊరూరా తిరిగి, 1942లో జెమినీ వారి చిత్రంగా వచ్చింది. మాయల మరాఠీ ఆమెను ఎత్తుకుపోతాడు. మంత్రం అతనిది, తెలివి ఆమెది. అతని ప్రాణం చిలకలో ఉందన్న రహస్యాన్ని అతని నోటితోనే చెప్పిస్తుంది. ఆ చిలకను పట్టేది మాత్రం కొడుకు బాలవర్ధి. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) ‘కాశీమజిలీ కథలు’లో గురుశిష్యులు ముందుకొస్తారు. మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి నడిచే గొల్లపిల్లవాడు మజిలీ మజిలీకీ ఒక వింత చూసి అడుగుతాడు, గురువు కథ చెబుతాడు. ‘పాతాళభైరవి’ (1951)కి కూడా ఈ కథలే ఆధారం.

తెలుగువాళ్లకు మాయలు నేర్పే బడి అంటే గుర్తొచ్చేది ‘మాయాబజార్’ (1957). ఘటోత్కచుడి ఆశ్రమంలో రాక్షస శిష్యులకు పాఠం చెప్పే చిన్నమయ్యగా రమణారెడ్డి నటించారు. ఆయన ఇంద్రజాలం నేర్చుకుని సేవాసంస్థల సహాయార్థం ప్రదర్శనలు కూడా ఇచ్చారు. తెరమీది మాయల గురువు తెరవెనకా మెజీషియనే కావడం ఆ పాత్రకు దక్కిన అదృష్టం. పింగళి నాగేంద్రరావు మాటలు, ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ వంటివి, జనం నాలుకల మీద నిలిచిపోయాయి. అయితే ఆ ఆశ్రమంలో చదివేది లంబు, జంబు వంటి శిష్యులే. మాయలు చేసే శశిరేఖ సావిత్రి రూపంలో కనిపిస్తుంది గానీ, ఆమె నిజానికి ఘటోత్కచుడు. అసలు శశిరేఖకు ఒక్క మంత్రమూ రాదు.

ఇంటింటికీ ఈ కల్పనను చేర్చింది ‘చందమామ’. 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచి ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘రాకాసి లోయ’ మీదుగా ‘భల్లూక మాంత్రికుడు’ వరకు, రెండు దశాబ్దాలకు పైగా దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు రాశారు. రచయితగా ఆయన పేరు పత్రికలో పడేది కాదు. తరాల పిల్లలకు ఆ లోకం ఇచ్చిన మనిషికి అది అన్యాయం. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు ఆ కథలకు సగం బలం.

1980ల నాటికి మంత్రం పెద్దల నవలల్లోకి మళ్లింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో చిన్నపిల్ల తులసి కాష్మోరా అనే చేతబడి ప్రయోగానికి గురి అవుతుంది. ఇక్కడా ఆడపిల్ల విద్యార్థిని కాదు, బాధితురాలు. పుస్తకం బయట ఇది ఇంకా ఘోరం: చేతబడి, బాణామతి నిందలు మోపి మహిళలపై దాడులు, హత్యలు చేసిన చరిత్ర తెలుగు పల్లెల్లో ఉంది. అందుకే మంత్రం తెలిసిన అమ్మాయిని ప్రేమించదగ్గ కథానాయికగా నిలబెట్టడం పిల్లల సాహిత్యానికి చిన్న పనేమీ కాదు.

1997లో ఇంగ్లిష్‌లో మొదలైన హ్యారీ పోటర్ తొలి భాగం ‘పరుసవేది’ పేరుతో తెలుగులోకి వచ్చింది. హెర్మయొనీ వంటి చదువరి అమ్మాయి పరిచయమైంది కానీ, ఆ బడి పరాయిది. మనకు వసతి బడులు లేక కాదు. 1971లో సర్వేల్‌తో గురుకుల విద్యాలయాలు మొదలయ్యాయి, తర్వాత ఆడపిల్లలకూ వచ్చాయి. రాత్రి హాస్టల్ గదుల్లో దయ్యం కథలు చెప్పుకుంటూ పెరిగిన ఆ అమ్మాయిలే మాంత్రిక గురుకులం కథను రాయాలి. పత్రికలు, ప్రచురణకర్తలు వాళ్లను అడిగి రాయించుకోవాలి.