ఐటీ రిస్క్, కంప్లయన్స్ ఉద్యోగాలు: బీకాం పిల్లలకూ దారి ఉంది

పుప్పాలగూడ, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఉద్యోగమంటే కోడింగ్ ఒక్కటే కాదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ రూల్స్ ప్రకారం నడుస్తోందా అని చూసే ఐటీ రిస్క్, కంప్లయన్స్ టీములూ ఉంటాయి. ఆడిట్ చదివిన బీకాం వాళ్లకు ఇది దగ్గరి దారి.

పని ఏంటి? ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ ఆపేశారా, కోడ్ రాసినవాళ్లే అనుమతి లేకుండా దాన్ని లైవ్‌లో పెట్టేస్తున్నారా, బ్యాకప్ డేటా తిరిగి వస్తుందా అని సాక్ష్యాలతో తనిఖీ చేయాలి.

ఎందుకు అవసరం? 2009 జనవరి 7న చైర్మన్ లేఖతో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. 2013 కంపెనీల చట్టం నిబంధనలు బిగించింది. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా రూ.250 కోట్ల వరకు ఉంది.

ఏం చదవాలి? ఐసాకా సంస్థ పెట్టే సీసా పరీక్షలో 150 ప్రశ్నలు, 4 గంటల టైమ్, పాస్‌కు 450 స్కోరు. అనుభవం లేకున్నా రాయొచ్చు. సర్టిఫికెట్‌కు మాత్రం 5 ఏళ్ల అనుభవం కావాలి. డిగ్రీ ఉంటే అందులో కొంత మినహాయింపు ఉంది.

జాగ్రత్త: డబ్బు తీసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలను నమ్మొద్దు. పీఎఫ్ రికార్డు చూస్తే దొరికిపోతారు. పక్కవాళ్ల తప్పులు పట్టే ఈ పనికి అమానత్‌దారీయే అసలు పెట్టుబడి.