ఆర్యశబ్దమునకు అమెరికాలో జరిగిన విచారణ

మన సంఘీయులలో అనేకుల బిడ్డలు నేడు అమెరికాలో విద్యోద్యోగములందున్నారు. అచ్చటి ప్రవేశశాసనముల చరిత్ర నెరిగినవారు మాత్రము కొలదిమంది. అందు మనకు మిక్కిలి సంబంధించిన యొక వ్యాజ్యమును గూర్చి విన్నవించెదను.

ఆ దేశమున 1790లో ఏర్పడిన శాసనము ప్రకారము పరదేశీయులలో దాస్యములేని శ్వేతజాతివారికి మాత్రమే పౌరసత్వము లభించెడిది. 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ యర్హత కలిగెను. ప్రవేశమునకు చిరకాలము పెద్ద యడ్డంకి లేకుండెను. రైలుమార్గములు వేయుటకు చీనాకూలీలు కావలసివచ్చిరి. పని తీరిన పిదప వారే కంటకులైరి. 1882లో వారి రాకను నిషేధించిరి. 1917లో అధ్యక్షుడు విల్సను త్రోసిపుచ్చినను వినక, శాసనసభవారు మన దేశముతోకూడ ఆసియాలో అధికభాగమును నిషిద్ధమండలముగ నిర్ణయించిరి.

భగత్ సింగ్ థిండ్ అను పంజాబీ సిక్కు అంతకుముందే, 1913లో, అమెరికా చేరి, మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ దేశపు సైన్యమున కొలువుచేసెను. 1920లో ఆరెగాన్‌లోని న్యాయస్థానము ఆయనకు పౌరసత్వ మొసగగా, ప్రభుత్వము ప్రతిఘటించెను. వ్యవహారము సుప్రీముకోర్టునకు పోయెను. థిండు తాను ఉన్నతకులస్థుడైన ఆర్యుడననియు, ఆర్యులు కాకేసియనుజాతివారు గనుక తాను శ్వేతుడే యనియు వాదించెను. అంతటితో నిలువక, తెల్లవారు నల్లవారితో వియ్యమందుట కెట్లు రోయుదురో, మన దేశమున ఉన్నతకులస్థులు ఆదిమజాతులవారి విషయమున అట్లే రోయుదురని కూడ ఆయన పక్షమున విన్నవించిరి. మన కులగర్వము సముద్రము దాటి పరుల న్యాయస్థానమున సాక్ష్యము పలికిన దన్నమాట! ఆ భాగము చదివినపుడు నాకు తల వంగినది.

అంతకు మూడుమాసములకు పూర్వము, 1922 నవంబరులో, ఒజావా యను జపానీయుని వ్యాజ్యమున శ్వేతుడనగా కాకేసియనుడే యని సదర్లాండు న్యాయమూర్తి తీర్పు వ్రాసియుండెను. 1923 ఫిబ్రవరి 19వ తేదీన ఆయనయే థిండు విషయమున, శాస్త్రజ్ఞుల విభాగములు ప్రమాణములు కావు, సామాన్యజనుల వాడుకయే ప్రమాణమనెను. ఒక కొలబద్దతో ఒకని, వేరొక కొలబద్దతో వేరొకని వెలివేసిరి. ఈ న్యాయమూర్తి ఇంగ్లండున పుట్టి అమెరికాకు వచ్చినవాడే.

అయినను ఆర్యశబ్దము భాషకు సంబంధించినదే గాని దేహలక్షణములకు గాదని కోర్టువారన్న మాట నిజము. అమరకోశమున నిది కులీన, సజ్జన, సాధు శబ్దముల సరసను పఠింపబడినది. సభలయందు మనము పెద్దలను 'ఆర్యా' యని పిలుచుట వారి మేనిరంగును జూచి కాదుగదా! దీనిని భాషాకుటుంబమునకు పేరుగా వాడిన మాక్సుముల్లరు పండితుడే, రక్తమునకును ఎముకలకును దీనిని అన్వయింపరాదని 1888లో నొక్కి చెప్పెను.

తీర్పు ఫలితము క్రూరమైనది. పూర్వము పౌరులైన మనవారిపై పౌరసత్వము రద్దుచేయు వ్యాజ్యములు నడచెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో వర్తకుడైన వైష్ణోదాస్ బగాయి పౌరసత్వమును, అంగడిని కోల్పోయి, స్వదేశమునకు వచ్చిపోవుటకు అమెరికా పాసుపోర్టు కూడ దొరకక, 1928లో ప్రాణత్యాగము చేసికొనెను. థిండునకు మాత్రము మాజీసైనికులకై 1935లో చేసిన చట్టమువలన మరుసటి యేట పౌరసత్వము లభించెను.

1946లో భారతీయులకు పౌరసత్వార్హతయు, ఏటికి 100 మందికి ప్రవేశమును అనుగ్రహించిరి. 1965 నాటి చట్టము జాతినిబట్టిన లెక్కలను తొలగించి, బంధుత్వమునకును వృత్తినైపుణ్యమునకును ప్రాధాన్య మిచ్చెను. మన వైద్యులు, ఇంజనీర్లు పోయినది ఆ ద్వారముననే. అయినను ఏ యొక్క దేశమువారికిని సామాన్యముగ నూటికి 7 పాళ్లకు మించరాదను నియమముండుటచే, మన యువకులు గ్రీన్‌కార్డునకై నేటికిని సంవత్సరములకొలది వేచియున్నారు.