కంది వెర్రి తెగులు వైరస్: జన్యు నిర్మాణం

కందిలో వెర్రి తెగులుకు కారణం ఎమారావైరస్ ప్రజాతికి చెందిన ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. వీటి జన్యు పదార్థం ఒకే పొడవాటి పోగుగా ఉండదు, ఐదారు విడి ముక్కలుగా ఉంటుంది. సంగారెడ్డి జిల్లా పడమటి కొసన ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో కంది ముఖ్యమైన వానాకాలపు పంట. ఈ వైరస్‌ను గుర్తించిన పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా అదే జిల్లాలో, జహీరాబాద్ మీదుగా వెళ్లే ముంబయి రహదారి మీదున్న పటాన్‌చెరులో ఉంది.

తెగులు సోకిన మొక్క సాధారణంగా చావదు. ఆకులు చిన్నవై, లేత ఆకుపచ్చగా పాలిపోయి, వాటి మీద పసుపు మచ్చలు పడతాయి. కొమ్మలు గుబురుగా వస్తాయి. చేనంతా పూతకొచ్చినా ఆ మొక్క మాత్రం ఆకు వేస్తూనే ఉంటుంది. అందుకే దీనికి గొడ్డుమోతు తెగులు అనే పేరు కూడా ఉంది. విత్తిన నెలన్నరలోపు సోకితే ఆ మొక్క నుంచి దిగుబడి దాదాపు రాదు. ఆలస్యంగా సోకితే కొన్ని కొమ్మలకే పూత ఉండదు. దూరం నుంచి చూసేవారికి పచ్చగా, ఏపుగా కనబడుతుంది కాబట్టి నష్టం సంగతి కాయ పట్టే వేళకు గాని తెలియకపోవచ్చు.

బీహార్‌లోని పూసాలో 1931లోనే ఈ తెగులును వర్ణించారు. నల్లి ద్వారా వ్యాపిస్తుందని 1960లలో తేలింది. కారకం మాత్రం 2000 వరకు చిక్కలేదు. వైరస్ విత్తనం ద్వారా రాదు, ఆకు రసం పూస్తే సులభంగా అంటుకోదు, కణాలు అతి సన్నని పోగుల్లా ఉండి శుద్ధి చేసేటప్పుడు నిలవవు. ఇక్రిశాట్, స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి దాన్ని పట్టుకున్నారు. మరో దశాబ్దంన్నరకు గాని జన్యుక్రమం పూర్తిగా బయటపడలేదు.

ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను అర్థం చేసుకోవడానికి మొదట చూడాల్సింది పోగు ధ్రువత. ధనాత్మక పోగు నేరుగా సందేశవాహక ఆర్‌ఎన్‌ఏలా పనిచేస్తుంది. కణంలోకి చేరగానే రైబోజోములు దాన్ని చదివి ప్రోటీన్లు తయారు చేస్తాయి. జహీరాబాద్ చుట్టుపక్కల విరివిగా పండే చెరకుకు సోకే మొజాయిక్ వైరస్ ఈ రకానిదే. దాదాపు 9,600 న్యూక్లియోటైడ్ల ఒకే పోగు నుంచి ఒకే పెద్ద ప్రోటీన్ తయారై, తర్వాత పది దాకా చిన్న ప్రోటీన్లుగా తెగుతుంది. కోవిడ్ వైరస్ పోగు కూడా ధనాత్మకమే. పొడవు సుమారు 29,900 న్యూక్లియోటైడ్లు. ఋణాత్మక పోగును రైబోజోము చదవలేదు. ముందు దానికి ప్రతిపూరక నకలు తీయాలి. ఆ పనిచేసే పాలిమరేజ్ ఎంజైము మొక్క కణంలో దొరకదు కాబట్టి వైరస్ దాన్ని వెంట తెచ్చుకోవాల్సిందే. రోటావైరస్‌ది వేరే దారి: రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ, 11 ముక్కలు.

వెర్రి తెగులు వైరస్‌ది ఋణాత్మక పోగు. ఇందులో రెండు జాతులున్నాయి. మొదటి జాతిలో ఐదు ముక్కలున్నాయి, మొత్తం పొడవు సుమారు 14,000 న్యూక్లియోటైడ్లు. అందులో సగం, అంటే దాదాపు 7,000, మొదటి ముక్కదే. పాలిమరేజ్ సంకేతం అందులో ఉంది. రెండో ముక్క వైరస్ పైపొరకు చెందిన గ్లైకోప్రోటీన్లకు, మూడోది ఆర్‌ఎన్‌ఏను చుట్టుకునే ప్రోటీన్‌కు, నాలుగోది వైరస్‌ను ఒక కణం నుంచి పక్క కణానికి దాటించే ప్రోటీన్‌కు. ఐదో ముక్క ప్రోటీన్ పని ఏమిటో స్పష్టంగా తేలలేదు. రెండో జాతిలో ఆరో ముక్క కూడా ఉంది. ఒకే మొక్కలో రెండు జాతులూ కలిసి కనిపించడం సాధారణమే.

ముక్కలు వేరైనా వాటన్నిటి కొసలు మాత్రం దాదాపు ఒకటే. ప్రతి ముక్క రెండు చివర్లలో ఉన్న 13 న్యూక్లియోటైడ్లు ఒకదానికొకటి చాలావరకు ప్రతిపూరకాలు. అవి జత కట్టడంతో పోగు మడతపడుతుంది, నకలు ఎక్కడ మొదలు పెట్టాలో పాలిమరేజ్‌కు ఆ మడతే ఆనవాలు. ఎమారావైరస్‌ల మరో ఉపాయం నిజంగా గడుసుది: మొక్క సొంత సందేశవాహక ఆర్‌ఎన్‌ఏల తలకట్టును కత్తిరించి తమ సందేశాలకు తగిలించుకుంటాయి. దాంతో రైబోజోము వాటిని మొక్క సందేశాలుగానే తీసుకుంటుంది. పటాన్‌చెరులోనే గుర్తించిన వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్ కూడా ఈ వర్గానికి దగ్గరి బంధువే. దానికి మూడే ముక్కలు, వాటిలో రెండిటిని రెండు దిశల్లోనూ చదవాలి.

ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లలో చాలావాటికి తప్పులు దిద్దే ఏర్పాటు లేదు. సుమారు పదివేల నుంచి పదిలక్షల న్యూక్లియోటైడ్లకు ఒక తప్పు దొర్లుతుంది. ముక్కలుగా ఉన్న జన్యు పదార్థానికి ఇంకో సౌలభ్యం కూడా ఉంది: రెండు వైరస్‌లు ఒకే కణంలో చేరితే ముక్కలు తారుమారై కొత్త కలయిక పుట్టే వీలుంటుంది. పటాన్‌చెరు, బెంగళూరు, కోయంబత్తూరు వైరస్ నమూనాల తీవ్రత ఒక్కలా లేదు. పటాన్‌చెరులో తట్టుకున్న కంది రకాలు కొన్ని బెంగళూరులో లొంగిపోయాయి. అందువల్ల ఒక్కచోటి పరీక్షను నమ్మి కొత్త రకాన్ని తెగులు తట్టుకునేదని చెప్పడం తొందరపాటే.

వైరస్‌ను మోసే నల్లి పొడవు 0.2 మిల్లీమీటర్లు, భూతద్దం లేనిదే కనబడదు. గాలివాటున చేను నుంచి చేనుకు కొట్టుకుపోతుంది. వైరస్ నల్లి గుడ్లలోకి దాటదు, ప్రతి తరమూ జబ్బు మొక్కను తిని దాన్ని కొత్తగా తెచ్చుకోవాలి. కాబట్టి కోత తర్వాత చిగురించిన మోళ్లు, గట్ల మీద తనంతట తాను మొలిచిన కంది వైరస్‌కు వేసవి విడిది. వాటిని పీకేయడం, తొలి దశలోనే జబ్బు మొక్కలను తీసేయడం, లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయడం వాడుకలో ఉన్న పద్ధతులు. ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకునే ఐసీపీఎల్ 87119 రకం 1993లో ‘ఆశ’ పేరుతో విడుదలైంది.